నెలలు నిండని బిడ్డ: ఆసుపత్రిలో మన వంతు

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసింది. ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో శాస్త్రులుగారు చదివి వినిపించారు. ఇంత మంగళప్రదమైన సభలో ఆసుపత్రి ప్రసంగమేమిటని ఎవరికైనా తోచవచ్చు. మేమూ మొదట సంకోచించాము. కాని మనవాళ్ళంతా నాలుగు మూలలనుంచి పిల్లాపాపలతో ఒక్కచోట చేరే రోజు ఏడాదికి ఇదొక్కటే. మా మాట చేరవలసినవాళ్ళు ఆసుపత్రికి వచ్చేటప్పటికి ఆ మాట వినే స్థితిలో ఉండరు. కడుపుతో ఉన్న కూతురో కోడలో ఇంట్లో ఉన్నవాళ్ళు ఈ సభలో ఎందరో ఉన్నారు. అందుకని ఒప్పుకున్నాము.

మేమంటే, ఈ ముంబయి నగరపు ఆసుపత్రులలో, అప్పుడే పుట్టిన జబ్బు బిడ్డలను, నెలలు నిండని బిడ్డలను ఉంచే వార్డులలో పనిచేస్తున్న కొందరు తెలుగు నర్సులము, డాక్టర్లము. వార్డు తలుపు బయట బెంచీలమీద రకరకాల భాషలు వినబడుతూ ఉంటాయి. వాటి మధ్య తెలుగు మాట వినబడగానే మా చెవి అటు తిరుగుతుంది. వరళినుంచి, కామాటిపురానుంచి, ధారావినుంచి, భివండి మరమగ్గాల దగ్గరనుంచి వచ్చినవాళ్ళు. తాతలనాడు వచ్చి స్థిరపడినవాళ్ళూ ఉంటారు, మొన్న సంక్రాంతి తరువాత పాలమూరునుంచి కూలికి వచ్చినవాళ్ళూ ఉంటారు. పలకరిస్తే ప్రాణం లేచివచ్చినట్టు అవుతుంది వాళ్ళకు. పలకరించిన తరువాత అందరూ అనే మాట మాత్రం ఒక్కటే: "బిడ్డను మీ చేతుల్లో పెట్టాము. ఇక మీరూ, ఆ భగవంతుడూ."

ఆ నమ్మకానికి మేము కృతజ్ఞులమే. కాని లెక్కలో ముగ్గురుండవలసినచోట ఇద్దరే ఉన్నారు. బెంచీమీద కూర్చున్నవాళ్ళు తమను తాము లెక్కలోనుంచి తీసివేసుకున్నారు. నెలలు నిండని బిడ్డ బతకడంలో సగం పని ఇంటివాళ్ళది. ఆ పనేమిటో చెప్పడానికే ఈనాడు మీ ముందు నిలబడ్డాము.

ముందు ఒక పాత నమ్మకం సంగతి. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెలలో పుట్టింది దక్కదని మన పెద్దవాళ్ళు అనుకునేవారు. ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అది నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. గర్భం లెక్క వారాలలో 40. అందులో 37 నిండకముందు పుడితే నెల తక్కువ బిడ్డ అంటాము. 34 వారాల బిడ్డకంటే 36 వారాల బిడ్డ గట్టి, 28 వారాల బిడ్డకంటే 32 వారాల బిడ్డ గట్టి. 2020వ సంవత్సరంలో లోకం మొత్తం మీద సుమారు 1 కోటి 34 లక్షల మంది బిడ్డలు ఇలా ముందుగా పుట్టారు. వాళ్ళలో 30 లక్షలకు పైగా మన దేశపు బిడ్డలే. కనుక ఇది ఎవరింట్లోనో ఎప్పుడో జరిగే వింత కాదు.

ఎందుకు ముందు పుడతారంటే, కవలలు కావచ్చు, తల్లికి రక్తపు పోటు కావచ్చు, రక్తం తక్కువై ఉండవచ్చు, ఏదైనా జబ్బు సోకి ఉండవచ్చు. చాలాసార్లు కారణం డాక్టర్లకు కూడ దొరకదు. తల్లి బొప్పాయి తిన్నదనీ, గ్రహణం నాడు బయటికి వచ్చిందనీ, రైలు మెట్టెక్కేటప్పుడు కాలు జారిందనీ బెంచీమీద జరిగే విచారణ మేము రోజూ వింటున్నాము. అత్తగార్లు పెద్దమనసు చేసి ఆ విచారణ మానుకోవాలి. పచ్చి బాలింత చెవిన పడే మాటలవి.

ఇక వార్డులో జరిగేదేమిటో చూద్దాము. ఒకటిన్నర కిలోల బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు. తోలు పల్చన. పుట్టిన నిమిషంనుంచి ఒంటి వేడి ఆవిరైపోతూ ఉంటుంది. "మాకే చెమటలు పోస్తున్నాయి, బిడ్డకు చలేమిటమ్మా?" అని అడుగుతారు. మనకు చెమట పోసే గదిలోనే ఆ బిడ్డ చల్లబడిపోతుంది. చల్లబడిన బిడ్డ ఊపిరికీ, తిండికీ ఉంచుకోవలసిన శక్తినంతా వేడికే ఖర్చు పెట్టుకుంటుంది. చంకలో వేడి 36.5 డిగ్రీలకు తగ్గకూడదు, 37.5 దాటకూడదు. మీరు గాజుపెట్టె అనే ఇన్‌క్యుబేటరు అందుకే.

ఆ పెట్టె కథ విచిత్రమైనది. పారిస్ నగరంలో స్టెఫాన్ టార్నియే అనే పురుళ్ళ డాక్టరు అక్కడి జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లను పొదిగే యంత్రం చూశాడు. గుడ్డుకు పనికివచ్చింది బిడ్డకెందుకు పనికిరాదనుకుని, 1880 ప్రాంతంలో తన ఆసుపత్రిలో అలాంటి పెట్టె పెట్టించాడు. రెండు కిలోలకు తక్కువ తూగే బిడ్డలలో అంతకుముందు నూటికి 66 మంది పోతూ ఉండగా, తరువాత 38 మందే పోయారు. అది మంచిదే. తరువాత జరిగినదానికి నవ్వాలో ఏడవాలో తెలియదు. అమెరికాలో మార్టిన్ కూనీ అనే ఆయన 1903నుంచి 1943వరకు కోనీ ఐలండు సంబరాలలో, మన తిరనాళ్ళలో రంగులరాట్నం పక్కన గుడారం వేసినట్టు వేసి, గాజుపెట్టెలలో నెల తక్కువ బిడ్డలను పెట్టి, టిక్కెట్టు కొన్నవాళ్ళకు చూపించాడు. ఆయనకు డాక్టరు పట్టా ఉన్నదో లేదో చరిత్రకారులకు అనుమానమే. కాని ఆ టిక్కెట్టు డబ్బుతోనే నర్సులను పెట్టి, తల్లిదండ్రులవద్ద కానీ తీసుకోకుండా, ఆసుపత్రులు వదులుకున్న బిడ్డలను వేలమందిని బతికించాడు.

అయితే ఆ పెట్టెతోపాటు ఒక చెడ్డ అలవాటు కూడ వచ్చింది. బిడ్డ అద్దం లోపల, తల్లి అద్దం బయట. టార్నియే శిష్యుడు పియర్ బ్యూడాఁ అప్పుడే గమనించాడు: బిడ్డను తాకక, పాలివ్వక వారాలు గడిపిన తల్లికి ఆ బిడ్డమీద మనసు సడలిపోతున్నదని. ఆయన మాట వినడానికి లోకానికి చాలాకాలం పట్టింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాము.

వేడి తరువాత ఊపిరి. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఒక కొడుకు పుట్టాడు. ముప్ఫయి నాలుగున్నర వారాల బిడ్డ, రెండు కిలోలకు కాస్త పైన బరువు. ఊపిరితిత్తులు విచ్చుకోక 39 గంటలలో పోయాడు. ఆ దేశపు అధికారము, ఐశ్వర్యము, పెద్ద పెద్ద వైద్యులు, అందరూ చుట్టూ ఉన్నారు. లోపలి తిత్తులు మూసుకుపోకుండా కాపాడే జిడ్డులాంటి పదార్థం నెల తక్కువ బిడ్డలలో చాలదని మేరీ ఎలెన్ ఏవరీ 1959లోనే చెప్పింది. కాని ఆ లోటు తీర్చే సాధనం అప్పటికి లేదు. 1971లో, సన్నని ఒత్తిడితో గాలి పంపితే తిత్తులు తెరుచుకునే ఉంటాయని తెలిసింది. 1980లో జపానులో ఫుజివారా ఆ జిడ్డు పదార్థాన్నే మందుగా గొంతులోకి పోసి చూపించాడు. ఈనాడు అంత బరువున్న బిడ్డ మన జిల్లా ఆసుపత్రులలో కూడ సాధారణంగా బతికి బయటపడుతున్నది. కనుక ముక్కుకు గొట్టాలు పెట్టారని చూడగానే "ఇక ఆశ లేదు" అని ఊళ్ళకు ఫోన్లు చేయకండి. మా వార్డులో ఆ గొట్టాలు పెట్టిన బిడ్డలే ఎక్కువ. కొన్ని రోజులకు తీసివేస్తాము.

వీటన్నిటికంటే చవకైన మందు ఒకటున్నది. అది బిడ్డకు కాదు, తల్లికి ఇచ్చే సూది. న్యూజీలండులో లిగిన్స్ అనే వైద్యుడు గొర్రెలమీద పరిశోధన చేస్తూ, నెలలు నిండకముందే పుట్టిన గొర్రెపిల్ల ఊపిరి పీల్చడం చూసి ఆశ్చర్యపోయి ఆ దారి పట్టాడు. హౌవీ అనే మరొక వైద్యునితో కలసి 1972లో ఫలితం ప్రకటించాడు. నెలలు నిండకముందు నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడు సూదులు వేస్తే కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయి. కాని ఆ మందు బాగా పనిచేయడానికి కాన్పుకు ముందు ఒక రోజైనా వ్యవధి కావాలి. నొప్పులు పూర్తిగా ముదిరిన తరువాత వస్తే ఆ మేలు దక్కదు.

ఇక్కడే మన ప్రవాసాంధ్రుల చిక్కు వస్తున్నది. తొలి కాన్పు పుట్టింట్లో కావాలన్నది మన ఆచారం. మంచి ఆచారమే, తల్లి దగ్గర ఉన్న ధైర్యం వేరు. కాని పుట్టిల్లు కరీంనగరం దగ్గరో, మహబూబ్‌నగరం దగ్గరో, ఇంకా అవతలో ఉంటుంది. సీమంతం చేసి, ముహూర్తం చూసి, సెలవు దొరకక ఒక వారం, టిక్కెట్టు దొరకక ఒక వారం జరిపి, చివరకు ఎనిమిది నెలలు నిండబోతున్న పిల్లను రాత్రి రైలెక్కిస్తారు. దారిలో నొప్పులు వస్తే ఏదో స్టేషనులో దింపి, ఏ ఊరో, ఏ ఆసుపత్రో, ఏ భాషో తెలియక తిరగవలసి వస్తుంది. చూపించుకున్న కాగితాలన్నీ ఇక్కడి ఇంట్లో ఉండిపోతాయి. మేము పుట్టింటికి పంపవద్దనడం లేదు. పంపదలచుకుంటే డాక్టరును అడిగి ముందుగానే పంపండి, కాగితాలన్నీ ఆమె చేతిసంచిలో పెట్టండి, అక్కడ ఏ ఆసుపత్రిలో శిశువార్డు ఉన్నదో ముందే కనుక్కోండి. కవలలైతే, రక్తపు పోటు ఉంటే, వెనకటి కాన్పు ముందుగా అయి ఉంటే, శిశువార్డు ఉన్న ఆసుపత్రికి దగ్గరలో ఎక్కడ ఉంటే అక్కడే ఉంచి, వియ్యపురాలినే ఇక్కడికి రప్పించండి. చాల్లో ఒక్కటే గది అని బిడియపడవద్దు. పుట్టిన బిడ్డను బండిలో వేసుకుని పరుగెత్తడంకంటే బిడ్డ కడుపులో ఉండగానే తల్లిని చేర్చడం ఎన్నో రెట్లు మేలు. తల్లి కడుపును మించిన అంబులెన్సు ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఇక పాల సంగతి. ఈ విషయంలో మాకు కొంచెం ఆవేశం ఎక్కువ, మన్నించాలి. బిడ్డను లోపలికి తీసుకుపోగానే ఇంటివాళ్ళు చేసే మొదటి పని పాలడబ్బా కొనుక్కురావడం. "దానికింకా పాలు పడలేదమ్మా" అంటారు. పాలు పడేది పిండితేనే. మొదటి గంటలలోనే మొదలుపెట్టి, రెండు మూడు గంటలకొకసారి, రాత్రి నిద్రలో కూడ లేచి, రోజుకు ఎనిమిదిసార్లు చేతితో పిండాలి. మొదట వచ్చేవి చుక్కలే. చిక్కని పసుపుపచ్చని ముర్రుపాలు. ఒకటి రెండు మిల్లీలీటర్లు వస్తే "ఇవేం సరిపోతాయి" అని ముఖం చిట్లిస్తారు. వెయ్యి గ్రాముల బిడ్డ పొట్టకు మొదటిరోజు కావలసింది కూడ అంతే. ఆ చుక్కలలో ఉండే రక్షణ ఏ డబ్బాలోనూ లేదు. డబ్బాపాలు తాగిన నెల తక్కువ బిడ్డలకు పేగులు చెడే ప్రమాదం తల్లిపాలు తాగినవాళ్ళకంటే ఎక్కువ.

సుమారు 32 వారాలకు లోపు బిడ్డకు ఆ పాలను సన్నగొట్టంద్వారా పొట్టలోకి పంపుతాము. 32 దాటిన తరువాత, రొమ్ము పట్టే బలం ఇంకా రాని రోజులలో, మన ఉగ్గుగిన్నె పనికివస్తుంది. వార్డులో మేము వాడేది సరిగా అదే. ముక్కున్న చిన్నగిన్నె. మామ్మలకు దానితో పట్టడం మాకంటె బాగా వచ్చు, అది మేము ఒప్పుకుంటాము. సుమారు 34 వారాలు దాటాక బిడ్డ తానే రొమ్ము అందుకోవడం నేర్చుకుంటుంది. పాలసీసా మాత్రం దగ్గరికి రానీయకండి. తేనె, చక్కెరనీళ్ళు, ఆముదం చుక్క, ఇవేవీ వద్దు. బాలింతకు పథ్యం పేరుతో నీళ్ళు, కూరలు, పప్పు తగ్గించడమూ వద్దు. ఎండిన తల్లికి పాలెక్కడనుంచి వస్తాయి?

తల్లికి జబ్బుచేసి పాలు లేనప్పుడు ఏమిటి గతి? దానికీ మన నగరంలోనే ఉపాయం దొరికింది. ధారావికి కూతవేటులో ఉన్న సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్‌గారు 1989లో తల్లిపాల నిధి నెలకొల్పారు. ఆసియా ఖండంలో అదే మొదటిది. బిడ్డకు చాలినంతకంటే ఎక్కువ పాలున్న బాలింతలు పిండి ఇస్తారు. ఇచ్చే తల్లికి రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, పరీక్షించి, చల్లగా దాచి, అవసరమైన బిడ్డకు ఇస్తారు. 2017లో హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో కూడ ఇలాంటి నిధి ఏర్పడింది. మీ బంధువుల బిడ్డలు చాలామంది చేరేది అక్కడే గదా. "ఎవరి పాలో, ఏ కులమో" అని ఒకరిద్దరు మా దగ్గర నసిగారు. పాలకు ఆ గుర్తు ఉండదు, మేము వ్రాయము కూడ.

ఇప్పుడు అద్దం బయట నిలబెట్టిన తల్లి దగ్గరికి వస్తాము. దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు రాజధాని బొగోటా. అక్కడి పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో 1978 నాటికి బీదల రద్దీ ఎంతంటే, ఒక్క పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను ఉంచేవారు. ఒకరి జబ్బు ఒకరికి అంటుకునేది. విసిగిన తల్లులు బిడ్డలను వదిలి వెళ్ళిపోయేవారు. పెట్టెలు కొనే డబ్బు లేదు. ఎడ్గార్ రే అనే డాక్టరు, తరువాత ఆయనతో హెక్టర్ మార్టినెజ్, కంగారూ జంతువు తన పిల్లను సంచిలో పెట్టుకున్నట్టు, నిలకడగా ఉన్న బిడ్డను తల్లి రొమ్ములమధ్య ఒంటికి ఒళ్ళు తగిలేటట్టు నిలువునా ఆనించి గుడ్డతో కట్టి ఉంచారు. బిడ్డకు టోపీ, మొలకు గుడ్డ, అంతే. వేడి తల్లిది, పాలు తల్లివి, గుండెచప్పుడు తల్లిది. లేనివాళ్ళు గతిలేక పట్టిన దారి ఇది. ఉన్నవాళ్ళు చాలాకాలం దీన్ని బీదవైద్యమని చిన్నచూపు చూశారు.

ఆ చిన్నచూపు 2021లో వదిలింది. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోను, ఆఫ్రికాలో ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాలలోను, ఒక కిలోకూ 1,800 గ్రాములకూ మధ్య తూగే 3,211 మంది బిడ్డలమీద పరీక్ష జరిగింది. సగంమందిని నిలకడ వచ్చేవరకు ఆగి తల్లికి ఇచ్చారు. మిగిలిన సగంమందిని ఆగకుండా, పుట్టిన వెంటనే, గొట్టాలతో సహా తల్లి రొమ్ముమీదనే ఉంచి వైద్యం చేశారు. ఆగినచోట నూటికి 15.7 మంది పోయారు, ఆగనిచోట 12 మంది. వ్యత్యాసం ఇంత స్పష్టంగా కనబడిన తరువాత ఇంకా ఆపడం న్యాయం కాదని పరీక్షను ముందే ముగించారు. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ పద్ధతినే మొదటినుంచి పాటించవలసిందని చెప్పింది. కోట్ల రూపాయల యంత్రం ఇంత మేలు చేసి ఉంటే పత్రికలు ఎంత హడావుడి చేసి ఉండేవో!

ఆ తల్లులు బిడ్డను రోజుకు సుమారు 17 గంటలు ఒంటికి కట్టుకున్నారు. ఒక్క బాలింతవల్ల అయ్యే పని కాదు. ఆమె భోజనం చేయాలి, స్నానం చేయాలి, నిద్రపోవాలి. అప్పుడు బిడ్డను ఎవరు కట్టుకోవాలి? మామ్మ కట్టుకోవచ్చు, పిన్ని కట్టుకోవచ్చు, తండ్రి కట్టుకోవచ్చు. ఇక్కడ మనకు పురిటి మైల అడ్డం వస్తున్నది. పదకొండోనాడు పురుడు వెళ్ళేవరకు తాకమంటారు. బిడ్డకు అవసరమైనవి ఆ పదకొండు రోజులే. మావార్డులో ఒక మామ్మగారు, మడి ఆచారాలున్న మనిషి, మూడురోజులు గుమ్మం దగ్గరే నిలబడి చూశారు. నాలుగోనాడు జ్వరంతో కోడలు లేవలేకపోయింది. ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా చేతులు కడుక్కుని వచ్చి రవిక ముడి విప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆ పూటనుంచి బిడ్డను దించమంటే ఆవిడే దించలేదు. ఇక తండ్రుల సంగతి. సిగ్గుపడతారు. నలుగురు చూస్తారేమోనంటారు. చొక్కా గుండీలు విప్పి కూర్చున్న పది నిమిషాలకు సిగ్గు ఎటు పోతుందో, బిడ్డ నిద్రపోతుంది, తండ్రీ నిద్రపోతాడు.

లోపలికి రమ్మంటున్నాము గనుక ఒక నిబంధన. ఉంగరాలు, గాజులు, గడియారం తీసి, మోచేతులవరకు సబ్బుతో కడుక్కోవాలి, ఫోను బయట పెట్టాలి. ఈ బిడ్డలకు సోకే జబ్బులలో ఎక్కువ మన చేతులమీదుగా పోయేవే. నర్సు గద్దిస్తే కోపం తెచ్చుకోకండి. మేము డాక్టర్లను కూడ అలాగే గద్దిస్తాము.

కామెర్లగురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నీలిదీపం కింద కళ్ళకు గంతకట్టిన బిడ్డను చూసి బెంబేలు పడతారు. 1956లో ఇంగ్లండులో రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు బిడ్డలను ఎండకు తిప్పుతూ, ఎండ తగిలినచోట పసుపుదనం తగ్గడం గమనించి డాక్టర్లకు చూపించింది. దానినుంచే ఈ దీపం పుట్టింది. అయితే, ఇంట్లో పొద్దుటి ఎండ చాలునని ఊరుకోకూడదు. అరచేతులు, అరికాళ్ళు పసుపెక్కితే ఆ రోజే తీసుకురావాలి. ఆలస్యమైతే మెదడుకు చేటు.

ఇంతవరకు చెప్పినవాటిలో కొన్ని మరచినా, ఇప్పుడు చెప్పబోయేది మరవవద్దని మా ప్రార్థన. అది కళ్ళ సంగతి.

కంటి వెనుక చూపు తెర ఉంటుంది. దానికి రక్తనాళాలు పూర్తిగా అల్లుకునేది తొమ్మిదోనెల చివరకే. ముందుగా పుట్టిన బిడ్డలో ఆ అల్లిక సగంలో ఆగి, తరువాత పిచ్చితీగలవలె అడ్డదిడ్డంగా పెరగవచ్చు. చివరకు తెరను లాగి ఊడదీస్తాయి. ఆమ్లజని, అదే ఆక్సిజన్, ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుంది. 1940లలో, 1950ల మొదట్లో, మంచిదే గదా అని ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినందువల్ల అమెరికా, ఐరోపా దేశాలలో వేలమంది బిడ్డలకు చూపు పోయింది. 1950లో పుట్టిన ప్రసిద్ధ గాయకుడు స్టీవీ వండర్ ఆ బిడ్డలలో ఒకడు. ఇప్పుడు మేము ఆక్సిజన్‌ను గంటగంటకూ కొలిచి ఇస్తాము. అయినా ముప్పు పూర్తిగా పోదు, ఎందుకంటే ఇప్పుడు ఇంకా చిన్నబిడ్డలు బతుకుతున్నారు.

ఈ జబ్బు పైకి కనబడదు. కన్ను నల్లగా, మిలమిల మెరుస్తూ ఉంటుంది. కంటి డాక్టరు మందుచుక్కలు వేసి లోపల చూస్తేనే తెలుస్తుంది. మన దేశపు నియమం ప్రకారం, 34 వారాలకు ముందు పుట్టిన బిడ్డకుగాని, రెండు కిలోలకు తక్కువ తూగిన బిడ్డకుగాని, పుట్టిన 30 రోజులలోపల ఆ పరీక్ష జరగాలి. మరీ చిన్నబిడ్డలకు రెండు మూడు వారాలకే. జబ్బు ముదురుతున్నట్టు కనబడితే లేజరు కిరణాలతోనో, సూదిమందుతోనో రెండు మూడు రోజులలో ఆపాలి. ఆ సమయం దాటితే ఏ నిపుణుడూ ఏమీ చేయలేడు.

ఆ 30 రోజులలో మనవాళ్ళు ఏం చేస్తారు? డిశ్చార్జి కాగానే ఊరికి తీసుకుపోతారు. బాలింతకు విశ్రాంతి, బారసాల, మొక్కు. అన్నీ న్యాయమైన కారణాలే. భివండిలో మరమగ్గం నడిపే ఒకాయన బిడ్డ 1,150 గ్రాములతో పుట్టింది. ఏడు వారాలు మా దగ్గర ఉన్నది. మొదటి కంటి పరీక్షలో జబ్బు మొదలైనట్టు కనబడింది. వారం తరువాత మళ్ళీ చూపించాలని చీటీమీద వ్రాసి ఇచ్చాము. చీటీ మరాఠీలో ఉన్నది. "బిడ్డ బరువు పెరిగింది, బాగున్నది, ఇక పరీక్షలెందుకు" అనుకుని ఊరికి వెళ్ళారు. నాలుగో నెలలో, దీపం చూపిస్తే చూడడం లేదని తిరిగి తీసుకువచ్చారు. ఆ పిల్ల ఇప్పుడు నడుస్తున్నది, చక్కగా మాట్లాడుతున్నది. చూపు లేదు. ఆ తండ్రి మమ్మల్ని ఏమీ అనలేదు. ఆ చీటీ ఇంకా మడతపెట్టి జేబులో ఉంచుకున్నాడు.

ఊరికి వెళ్ళవలసివస్తే వెళ్ళండి. ఏ రోజుకు పరీక్ష పడిందో, అక్కడ ఎవరు చూస్తారో అడిగి వ్రాయించుకుని వెళ్ళండి. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు ఎంతోకాలంగా ఈ పరీక్షలు చేస్తున్నారు, అక్కడి శిశువార్డులకు తామే వెళ్ళి చూస్తారు కూడ. బెంగుళూరులో నారాయణ నేత్రాలయంవారు 2008నుంచి కెమెరాలు తీసుకుని కర్ణాటక జిల్లాలకు వెళ్ళి బిడ్డల కళ్ళు చూస్తున్నారు. ఈ సంచిక చేరే అక్కడి మనవాళ్ళకు ఇది పనికివస్తుంది.

ఇంటికి చేరిన తరువాతి మాట కొంచెం. ఈ రాష్ట్రపు తూర్పుకొసన, మన తెలంగాణ సరిహద్దులో గడ్చిరోలి జిల్లా ఉన్నది. ఆ జిల్లా సిరోంచలో తెలుగే మాట్లాడతారని మీకు తెలుసు. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు 39 గ్రామాలలో, కొద్ది చదువున్న పల్లె ఆడవాళ్ళకే నేర్పి, ఇంటింటికీ పంపి పసికందులను చూపించారు. మూడేళ్ళలో తొలినెల మరణాలు నూటికి 62 వంతులు తగ్గినట్టు 1999లో ప్రకటించారు. ఆశా కార్యకర్త మీ చాలుకు 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వచ్చి బిడ్డను చూడడం ఆ పల్లెలు నేర్పినదే. ఆమె వస్తే తలుపు తీయండి. బిడ్డ పాలు మానినా, మగతగా పడి ఉన్నా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరవేస్తున్నా, ఒళ్ళు చల్లబడినా కాలినా, సాంబ్రాణి వేసి దిష్టి తీసి చూద్దామని ఆగవద్దు. చేతి వెనుకభాగంతో పొట్టను, పాదాలను తాకి చూడండి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే వెంటనే ఒంటికి ఆనించుకోండి. రెండూ చల్లబడితే ఆసుపత్రికి బయలుదేరండి, దారిలో కూడ ఒంటికి ఆనించుకునే. సాంబ్రాణి పొగ నెల తక్కువ బిడ్డ ఊపిరితిత్తులకు అసలే పడదు.

ఖర్చుకు భయపడి కొందరు మధ్యలో తీసుకుపోతారు. 2011 జూన్‌నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బు పసిబిడ్డకు మందులు, పరీక్షలు, రాకపోకల బండి ఉచితం. మొదట 30 రోజులవరకే ఉండేది, తరువాత ఏడాదివరకు పెంచారు. తెలియక ప్రైవేటులో తాళిబొట్టు తాకట్టు పెట్టినవాళ్ళను చూశాము. ఇంకొకటి చూశాము, చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. మగబిడ్డయితే అప్పుచేసి ఉంచినవాళ్ళే, ఆడపిల్ల అయితే "ఇంటికి తీసుకుపోతాము, సంతకం ఎక్కడ పెట్టమంటారు" అంటున్నారు. బరువు ఒకటే, జబ్బు ఒకటే.

చివరగా సంఘానికి మా విన్నపం. లోపల ఉన్న తల్లికి మరాఠీ రాకపోతే, డాక్టరు చెప్పింది సగం అర్థమై, అడగవలసింది అడగలేక తల ఊపి ఊరుకుంటుంది. ఆ సమయంలో తెలుగులో మాట్లాడే ఒక మనిషి అరగంట వస్తే చాలు. దూరంనుంచి వచ్చిన మామ్మకో పిన్నికో రాత్రిపూట పడుకోవడానికి ఆసుపత్రికి దగ్గరలో ఎవరింట్లోనైనా చోటు దొరికితే, బిడ్డను ఒంటికి కట్టుకునే రెండో మనిషి దొరికినట్టే. ఆదివారాలు ఉదయం 10 గంటలనుంచి 12 వరకు మాలో ఒకరు సంఘం కార్యాలయంలో కూర్చుంటాము. డిశ్చార్జి చీటీ ఏ భాషలో ఉన్నా తీసుకురండి, తెలుగులో వ్రాసి ఇస్తాము. కంటి పరీక్ష తేదీని ఒక పుస్తకంలో ఎక్కించి, రెండు రోజుల ముందు ఫోను చేస్తాము, మీరు ఈ ఊళ్ళో ఉన్నా, ఆ ఊళ్ళో ఉన్నా.